మెక్లెన్‌బర్గ్ నుంచి ముషీరాబాద్ దాకా

2025 ఫిబ్రవరి చివర్లో మా నాన్నకి లండన్ హైకోర్టు మీద బాగా కోపం వచ్చింది. ఆయుధాల ఒప్పందాల్లో మధ్యవర్తిగా పేరు పడ్డ సంజయ్ భండారీ అనే ఆయన్ని, పన్ను ఎగవేత, మనీ లాండరింగ్ ఆరోపణల మీద అప్పగించమని ఇండియా అడిగితే, ఆ కోర్టు కుదరదంది. చెప్పిన కారణాల్లో ఒకటి తీహార్ జైలు. అక్కడికి పంపితే తోటి ఖైదీల నుంచో, జైలు సిబ్బంది నుంచో బెదిరింపులు, హింస ఎదురయ్యే ప్రమాదం నిజంగానే ఉందని జడ్జీలు అన్నారు.

వారం వారం చేసే ఫోన్లో నాన్న మొదటి మాటే అది. "ఏరా, మన జైళ్ళు ఎట్లున్నాయో చెప్పడానికి వాళ్ళెవరు? రెండొందలేళ్ళు మనవాళ్ళని అండమాన్‌కి పంపినోళ్ళు, ఇప్పుడు మనకి నీతులు చెప్తరా?"

ఆ మాటకి నా దగ్గర గబుక్కున చెప్పడానికి జవాబు లేదు. అండమాన్ మాట నిజమే కదా. "డబ్బున్నోళ్ళకే ఇట్లాంటి తీర్పులొస్తయ్" అని కూడా అన్నారు. అదీ చాలావరకు నిజమే. 2018లో విజయ్ మాల్యా కేసులో ముంబయి ఆర్థర్ రోడ్ జైలు పన్నెండో బ్యారక్‌ని వీడియో తీసి లండన్ పంపిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వెలుతురు వస్తోందా, మరుగుదొడ్డి ఎలా ఉంది అని అక్కడి మేజిస్ట్రేటు చూసి, కొత్తగా రంగులు వేసినట్టున్నారే అని కూడా అన్నారు. అదే జైల్లో మిగతా బ్యారకుల్లో కుక్కేసిన మామూలు జనం కోసం ఎవరూ వీడియో తీయలేదు.

నేను మాట మార్చేసి, అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడిగాను. కానీ ఆ ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. వాళ్ళెవరు?

జవాబు, వింతగా, నేనుండే వర్జీనియాలోనే దొరికింది.

కొన్ని వారాల తర్వాత పని మీద బాయిడ్టన్ అనే ఊరు వెళ్ళాల్సి వచ్చింది. రిచ్‌మండ్ పక్కన మా ఇంటి నుంచి దక్షిణంగా గంటన్నర పైచిలుకు డ్రైవు. దాదాపు నార్త్ కరొలైనా సరిహద్దు. ఒకప్పుడు పొగాకు తప్ప ఇంకో ఊసు లేని ప్రాంతం. ఊరు ఎంత చిన్నదంటే, మన వైపు ఒక పెళ్ళికి వచ్చే జనం అక్కడి మొత్తం జనాభా కంటే ఎక్కువుంటారు. అలాంటి చోట మైక్రోసాఫ్ట్ వాళ్ళు డేటా సెంటర్ పెడతామని 2010లో ప్రకటించారు. ఇప్పుడు చుట్టుపక్కలంతా కంచెలు, కెమెరాలు, కిటికీల్లేని తెల్లటి బిల్డింగులు. నాకు పని ఉన్నది అక్కడే దగ్గర్లో, మా క్లయింటు ఆఫీసులో.

మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ ఉంటే, అక్కడ కరెంటు పనులు చూసే ఒక పెద్దాయన పలకరించాడు. కంచెల మాట వచ్చింది. "ఈ ఊరికి కంచెలు కొత్త కాదు బాబూ. మీ కంప్యూటర్ల కంటే ముందు ఇక్కడ జైలుండేది. మా మేనమామ అందులోనే గార్డు" అన్నాడు. మెక్లెన్‌బర్గ్ కరెక్షనల్ సెంటర్. 1977లో తెరిచారు, 2012లో మూసేశారు. వర్జీనియా రాష్ట్రంలో మరణశిక్ష పడ్డవాళ్ళని 1998 దాకా అక్కడే ఉంచేవాళ్ళు.

ఆయన ఉత్సాహంగా చెప్పిన కథ 1984 మే 31 నాటిది. ఉరికంబం ఎక్కాల్సిన... తప్పు, కరెంటు కుర్చీ ఎక్కాల్సిన ఆరుగురు ఖైదీలు గార్డుల్ని బంధించి, వాళ్ళ యూనిఫాంలు తొడుక్కుని, ఒక టీవీ మీద దుప్పటి కప్పి, దాన్ని బాంబని నమ్మించారు. స్ట్రెచర్ మీద ఆ "బాంబు"ని పెట్టుకుని, దాని మీద మంటలార్పే యంత్రంతో నురగ చిమ్ముతూ గేటు దాకా నడిచారు. బాంబు బయటికి పోతే చాలని గేటు తీశారు! ఆరుగురూ వ్యానెక్కి పోయారు. మన సినిమాలో ఈ సీను పెడితే లాజిక్ లేదని తిట్టుకుంటాం. మూడు వారాల్లోపే అందరూ దొరికిపోయారు, తర్వాతి ఏళ్ళలో ఆరుగురికీ శిక్ష అమలైంది. ఆ దెబ్బతో జైల్లో కట్టుదిట్టాలు బాగా పెరిగాయి.

పెద్దాయనకి తెలిసిన కథ అంతే. ఆ రాత్రి హోటల్లో ఆ జైలు పేరు వెతికితే నాకు ఇంకో కథ దొరికింది. ఆ కథ జరిగింది ఫ్రాన్స్‌లో, స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానంలో.

యెన్స్ సోరింగ్ అనే జర్మన్ కుర్రాడు. తండ్రి దౌత్యవేత్త. మంచి స్కాలర్‌షిప్ మీద ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో చదువు. 1985 మార్చిలో బెడ్‌ఫర్డ్ కౌంటీలో అతని స్నేహితురాలి తల్లిదండ్రులు ఘోరంగా హత్యకి గురయ్యారు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు. అనుమానం తమ వైపు తిరగ్గానే ఇద్దరూ దేశం దాటి పారిపోయారు. 1986 ఏప్రిల్లో లండన్లో దొరికారు, అదీ హత్య కేసులో కాదు, దొంగ చెక్కుల కేసులో. అతను నేరం ఒప్పుకున్నాడు. తర్వాత మాట మార్చి, ఆ అమ్మాయిని కాపాడ్డానికి అలా చెప్పానన్నాడు. ఇప్పటికీ దాని మీద ఇక్కడ రెండు వర్గాలున్నాయి. నేను ఆ గొడవలోకి వెళ్ళను. ఈ వ్యాసానికి అతను దోషే అనుకోండి. అలా అనుకుంటేనే అసలు విషయం తేలుతుంది.

అమెరికా అతన్ని అప్పగించమంది. బ్రిటన్లో హత్యకి మరణశిక్ష అప్పటికే లేదు, వర్జీనియాలో ఉంది. బ్రిటన్ హామీ అడిగింది. బెడ్‌ఫర్డ్ ప్రాసిక్యూటర్ ఇచ్చిన హామీ చూడండి: శిక్ష వేసే రోజున, మరణశిక్ష వద్దని బ్రిటన్ కోరుకుంటోందన్న సంగతి జడ్జిగారి చెవిన వేస్తాట్ట! తను మాత్రం మరణశిక్షే అడుగుతాట్ట. మన గవర్నమెంటాఫీసుల్లో "మీ అర్జీ పైకి పంపిస్తాం" అంటారే, ఆ బాపతు. బ్రిటన్ అది చాలనుకుని 1988లో అప్పగింతకి సంతకం పెట్టేసింది. కుర్రాడి లాయర్లు స్ట్రాస్‌బర్గ్ తలుపు తట్టారు.

అక్కడ బ్రిటన్ వాదన నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి చాలా తేలిగ్గా అర్థమవుతుంది. మేం ఎవర్నీ హింసించడం లేదు, మేం చేసేది అప్పగించడమే, ఆ తర్వాత వర్జీనియాలో ఏం జరిగినా అది మా పూచీ కాదు, అని. ప్రొడక్షన్లో బగ్ వచ్చినప్పుడు మేమూ ఇదే అంటాం కదా, "మా కోడ్‌లో తప్పు లేదు, మేం వాడిన వేరేవాళ్ళ లైబ్రరీలో ఉంది" అని. ఆ లైబ్రరీలో తప్పుందని ముందే తెలిసి ఎందుకు వాడారయ్యా అని క్లయింటు అడిగితే మాత్రం నీళ్ళు నమలాల్సిందే.

1989 జులై 7న తీర్పొచ్చింది. అంతకుముందు యూరోపియన్ కమిషన్లో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు చీలి, తప్పు లేదన్నారు. కోర్టు మాత్రం ఏకగ్రీవంగా తప్పేనంది. హింస, అమానుషమైన శిక్ష ఎదురయ్యే ప్రమాదం నిజంగా ఉందని తెలిసీ మనిషిని అప్పగిస్తే, ఆ పూచీ అప్పగించినవాడిది కూడా అంది. గమనించండి, మరణశిక్షే తప్పని కోర్టు అనలేదు. అప్పట్లో ఆ ఒడంబడికే మరణశిక్షని ఒప్పుకునేది. కోర్టు తప్పుపట్టింది ఆ శిక్ష కోసం ఎదురుచూసే కాలాన్ని, ఆ కాలం గడిచే చోటుని. అంటే మెక్లెన్‌బర్గ్‌ని.

తీర్పులో ఆ జైలు వర్ణన చదువుతూ ఉంటే నిద్ర పట్టలేదు. గది మూడు మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పు. బయట గాలి పీల్చుకోవడానికి వేసవిలో వారానికి ఏడున్నర గంటలు, చలికాలం ఆరు. గదిలోంచి కదిలితే చేతులకి బేడీలు, నడుముకి గొలుసు. అలా సగటున ఆరు నుంచి ఎనిమిదేళ్ళు. శిక్షకి పదిహేను రోజుల ముందు కరెంటు కుర్చీ పక్కనే ఉన్న గదిలోకి మారుస్తారు.

(గ్రీన్ కార్డ్ కోసం మనవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూడ్డాన్ని దీనితో పోల్చబోయి, మరుక్షణం నా మీద నాకే సిగ్గేసింది. అయినా ఆ పోలిక వచ్చిందని చెప్పడం నిజాయితీ అనిపించి రాస్తున్నాను.)

ఇక్కడో చిక్కుంది. ఆ ఆరేడేళ్ళు ఎందుకవుతాయి? ఖైదీ అప్పీళ్ళ మీద అప్పీళ్ళు వేసుకుంటాడు కాబట్టి. తనే సాగదీసుకుని, తర్వాత నన్ను ఇన్నాళ్ళు ఎదురుచూసేలా చేశారని ఏడిస్తే ఎలా? మామూలుగా ఎవరికైనా వచ్చే ప్రశ్నే. స్ట్రాస్‌బర్గ్ కోర్టు దానికి జవాబు చెప్పింది: చట్టం ఇచ్చిన ప్రతి అవకాశాన్నీ మనిషి పట్టుకుని వేలాడతాడు, బతకాలనుకోవడం సహజం. అందుకని ఆ ఏళ్ళ వేదన తక్కువైపోదు.

ఈ జవాబు ఎక్కడో విన్నట్టుందే అనిపించింది. నేను లాయర్ని కాదు, కంప్యూటర్ సైన్సు చదువుకున్నవాణ్ణి. అయినా ఒక తీర్పులోంచి ఇంకో తీర్పులోకి లింకులు పట్టుకుని పోవడం నాకు అలవాటైన పనే, స్టాక్ ట్రేస్ చదివినట్టు. అలా పోతూ పోతూ, తెల్లవారుజామున మూడింటికి, మనవాళ్ళ దగ్గర తేలాను.

జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. తెలుగాయన. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి, 1978 నుంచి 1987 దాకా సుప్రీంకోర్టు జడ్జిగా ఉన్నారు. పౌరహక్కుల గురించి కాస్త చదివినవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. మా తరం వాళ్ళకి మాత్రం, నాతో సహా, పెద్దగా తెలీదు. 1983 ఫిబ్రవరి 16న ఆయన వాదీశ్వరన్ కేసులో తీర్పు రాశారు. తమిళనాడు కేసది. కస్టమ్స్ ఆఫీసర్లమని చెప్పి జనాన్ని తీసికెళ్ళి, దోచుకుని చంపిన ముఠా నాయకుడు. నేరం చూస్తే ఎవరికీ జాలి కలగదు, చిన్నపరెడ్డిగారికీ కలగలేదు, ఆ మాట ఆయన దాచుకోలేదు. అయినా ఉరిశిక్ష పడి ఎనిమిదేళ్ళుగా ఒంటరి గదిలో ఉన్నాడు కాబట్టి, దాన్ని యావజ్జీవంగా మార్చారు. శిక్ష పడ్డాక రెండేళ్ళు దాటితే ఉరి తీయకూడదన్నారు. మరి ఆలస్యం ఖైదీ వేసిన అప్పీళ్ళ వల్లయితే? ఎవరి వల్లయినా ఒకటే, ఆ గదిలో ఉన్నవాడి నరకంలో తేడా ఉండదు, అన్నది ఆయన మాటల సారాంశం. స్ట్రాస్‌బర్గ్ కంటే ఆరేళ్ళ ముందు!

ఆ రెండేళ్ళ లెక్క ఆయనకి ఊరికే తోచింది కాదు. దాని వెనక మన రాష్ట్రం కేసొకటుంది. 1974 నాటి ఈడిగ అనమ్మ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. జంట హత్యల కేసులో ఉరిశిక్ష పడ్డ ఒక పల్లెటూరి యువతి. జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె వయసు, బతుకు చూసి, వాటితో పాటు రెండేళ్ళకి పైగా ఉరితాడు నీడలో గడిపిందన్న సంగతీ లెక్కలోకి తీసుకుని, శిక్షని యావజ్జీవంగా మార్చారు. అదే 1974లో విశాఖపట్నం సెంట్రల్ జైలు కేసొకటి సుప్రీంకోర్టుకెళ్ళింది. గోడ మీద కరెంటు తీగ బిగించారని అక్కడి నక్సలైటు ఖైదీలు వేసిన కేసు. కేసైతే ఓడిపోయారు. కానీ శిక్ష పడ్డంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవు అన్న సంగతి ఆ తీర్పులోనే స్పష్టంగా రాసుంది. తర్వాత 1978లో తీహార్ ఖైదీ సునీల్ బత్రా కేసొచ్చినప్పుడు జడ్జీలు స్వయంగా ఆ జైలుకెళ్ళి చూసొచ్చారు. ఉరిశిక్ష పడ్డవాణ్ణి, క్షమాభిక్ష దారులన్నీ మూసుకుపోయేదాకా, ఒంటరి గదిలో పెట్టకూడదన్నారు. ఆ కేసుతో కలిపి విన్న ఇంకో కేసు ఎవరిదో తెలుసా? చార్లెస్ శోభరాజ్‌ది. విదేశీయుడు, కాళ్ళకి వేసిన ఇనప కడ్డీల సంకెళ్ళు తీయించమని అడిగాడు. మన కోర్టు పాస్‌పోర్ట్ చూడలేదు, ఆ అర్జీనీ వినింది.

వినింది, కట్టింది లాంటి మాటలు రాసేటప్పుడల్లా నా పదో తరగతి తెలుగు మాస్టారు గుర్తొస్తారు. సరే, రామాయణంలో పిడకల వేట.

చిన్నపరెడ్డిగారి తీర్పు ఆరు వారాలు కూడా నిలవలేదు. 1983 మార్చి 24న, షేర్ సింగ్ కేసులో, చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ బెంచి, ఆలస్యం ముఖ్యమే గానీ రెండేళ్ళని ఇలా గీత గీసి చెప్పలేమంది. 1989 ఫిబ్రవరిలో త్రివేణీబెన్ కేసులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఆ గీతని పూర్తిగా చెరిపేసింది. అంటే ఢిల్లీలో చెరిపేసిన అయిదు నెలలకి స్ట్రాస్‌బర్గ్‌లో మెక్లెన్‌బర్గ్ తీర్పు వచ్చిందన్నమాట.

ఇక్కడితో అయిపోయుంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. ఇంట్లో చెల్లని ఆ మాట దేశం దాటింది.

నిజానికి అది దేశం దాటి వచ్చిన మాటే. 1982లో జమైకా ఖైదీల కేసొకటి లండన్ ప్రివీ కౌన్సిల్‌కి వెళ్ళింది. జమైకా స్వతంత్ర దేశమే అయినా ఆఖరి అప్పీలు అక్కడికే. అయిదుగురిలో ముగ్గురు ఆలస్యం సంగతి పట్టించుకోమన్నారు. ఇద్దరు, లార్డ్ స్కార్మన్, లార్డ్ బ్రైట్‌మన్, ఒప్పుకోలేదు. ఓడిపోయిన ఆ ఇద్దరి మాటల్నే చిన్నపరెడ్డిగారు మరుసటి ఏడాది తన తీర్పులో ఎత్తి రాశారు. లండన్లో ఓడిపోయిన మాట ఢిల్లీలో గెలిచి, అక్కడా ఓడిపోయింది.

1993 నాటికి అదే ప్రివీ కౌన్సిల్ ముందుకి జమైకా నుంచి ప్రాట్, మోర్గన్ అనే ఇద్దరి కేసొచ్చింది. 1979లో ఉరిశిక్ష పడింది. పద్నాలుగేళ్ళలో మూడుసార్లు ఉరి వారంటు చదివి వినిపించి, ఉరికంబం పక్క గదిలోకి మార్చి, మళ్ళీ వెనక్కి తెచ్చారు. మూడుసార్లు! ఈసారి ఏడుగురు జడ్జీలు కూర్చుని, 1982 నాటి తమ నిర్ణయాన్ని తామే పక్కన పెట్టారు. అయిదేళ్ళు దాటితే ఆ ఆలస్యం అమానుషమనడానికి గట్టి ఆధారమే అన్నారు. ఖైదీ అప్పీళ్ళతో కాలం సాగితే తప్పు అలా సాగనిచ్చే పద్ధతిది, ఖైదీది కాదన్నారు. దాని కోసం వాళ్ళు చదివినవాటిలో సోరింగ్ తీర్పు ఉంది, వాదీశ్వరన్ ఉంది, దాన్ని కాదన్న షేర్ సింగ్, త్రివేణీబెన్ కూడా ఉన్నాయి. ఆ ఏడాదే జూన్లో జింబాబ్వే సుప్రీంకోర్టులో చీఫ్ జస్టిస్ గబ్బే నలుగురు ఖైదీల ఉరి రద్దు చేస్తూ మన తీర్పుల్ని విస్తారంగా ఉదహరించారు. అక్కడి ప్రభుత్వం ఊరుకోలేదు, నెలల్లో రాజ్యాంగాన్నే సవరించి ఆ తీర్పు దారి మూసేసింది. ముప్ఫై ఏళ్ళు గడిచాక, 2024 డిసెంబర్లో, అదే దేశం మరణశిక్షని చట్టంలోంచి తీసేసింది.

డౌనింగ్ స్ట్రీట్‌లోని ఆ గదిలో తెల్లవాళ్ళు కూర్చుని, జమైకా జైలు గురించి నిర్ణయించడానికి ఒక తెలుగు జడ్జి రాసింది చదువుకున్నారంటే... "వాళ్ళెవరు" అన్న మా నాన్న ప్రశ్నని ఎటు తిప్పి అడగాలో నాకు తెలీలేదు.

మన మాట మనకి తిరిగొచ్చింది 2014లో. జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో చీఫ్ జస్టిస్ సదాశివం బెంచి, క్షమాభిక్ష అర్జీల మీద రాష్ట్రపతి భవన్, హోం శాఖ ఏళ్ళ తరబడి నాన్చాయని, ఒక్కరోజే పదిహేను మంది ఉరిశిక్షల్ని మార్చేసింది. క్షమాభిక్ష లేదని చెప్పాక ఉరికి కనీసం పద్నాలుగు రోజుల గడువివ్వాలంది, ఇంటివాళ్ళని కలుసుకోవడానికి, మనసు కుదుటపరచుకోవడానికి. బాయిడ్టన్లో చదివిన ఆ పదిహేను రోజుల గది నాకు ఇక్కడ గుర్తొచ్చింది. లెక్క దాదాపు ఒకటే, ఉద్దేశం వేరు. చిన్నపరెడ్డిగారు ఈ తీర్పు చూడలేదు. 2013 ఏప్రిల్లో పోయారు.

సోరింగ్ ఏమయ్యాడని అడుగుతారేమో. మరణశిక్ష పడే నేరం మోపమని అమెరికా గట్టి హామీ ఇచ్చాక, 1990 జనవరిలో బ్రిటన్ అప్పగించింది. బెడ్‌ఫర్డ్‌లో విచారణ జరిగి రెండు యావజ్జీవాలు పడ్డాయి. 2019లో పెరోల్ ఇచ్చి జర్మనీ పంపేశారు. అంటే స్ట్రాస్‌బర్గ్ తీర్పు వల్ల నేరస్థుడు తప్పించుకుపోలేదు, ముప్ఫై మూడేళ్ళు జైల్లోనే ఉన్నాడు. ఇది నాన్నకి చెప్పాల్సిన ముక్క అని అప్పుడే అనుకున్నాను. ఇక వర్జీనియా సంగతి. 1608లో జేమ్స్‌టౌన్‌లో మొదటి మరణశిక్ష అమలు చేసిన నేల ఇది. 2021 మార్చిలో గవర్నర్ సంతకంతో ఆ శిక్ష రద్దయింది, అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో మొట్టమొదట. మెక్లెన్‌బర్గ్‌ని అప్పటికి తొమ్మిదేళ్ళ క్రితమే మూసేశారు.

మన చట్టమూ ఈ దారిలోకి వచ్చింది. 1993లో ఎక్స్‌ట్రడిషన్ చట్టానికి 34-సి సెక్షన్ చేర్చారు. ఆ నేరానికి మరణశిక్ష లేని దేశం ఎవర్నయినా అప్పగిస్తే, వాళ్ళకి ఇక్కడ యావజ్జీవానికి మించి వేయకూడదని. 2005లో పోర్చుగల్ అబూ సలేంని అలాగే అప్పగించింది, మరణశిక్ష వేయం, పాతికేళ్ళకి మించి ఉంచం అని ఇండియా మాటిచ్చాక. 2022లో మన సుప్రీంకోర్టు, ఆ మాట నిలబెట్టుకోవాల్సిందేనని కేంద్రానికి చెప్పింది. తీహార్ బాగోలేదని 2017లో లండన్ మేజిస్ట్రేటు వద్దన్న క్రికెట్ మ్యాచ్ ఫిక్సింగ్ కేసు నిందితుణ్ణి, ఇండియా వివరంగా హామీలిచ్చాక అక్కడి హైకోర్టే సరేనంది. 2020లో పంపారు. పుచ్చుకున్న హామీ కాగితం మీద ఉంటుంది. మన జైళ్ళ గురించి మన ప్రభుత్వ లెక్కలే చెప్పేది ఇంకోటి: 2022 చివరికి, వంద మంది పట్టే చోట సగటున 131 మంది. ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా నేరం రుజువు కానివాళ్ళు. వాళ్ళనెవరూ ఏ దేశం నుంచీ రప్పించలేదు. వాళ్ళ తరఫున హామీ అడగడానికి బయటి దేశమేదీ లేదు.

తర్వాతి ఆదివారం నాన్నకి ఇదంతా చెప్పాను. గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు "ఉన్నావా?" అని అడగాల్సిన వాణ్ణి నేను, ఆయనే నన్ను అడిగారు. చిన్నపరెడ్డి పేరు రాగానే, "ఆయన తెల్వకపోవుడేంది, పేపర్ల మస్తు చదివినం" అన్నారు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నేనెప్పుడూ వినని సంగతొకటి చెప్పారు.

1975 డిసెంబర్. ఎమర్జెన్సీ. నాన్న హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతున్నారు, చిక్కడపల్లిలో గది. డిసెంబర్ 1న ముషీరాబాద్ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్‌లని ఉరి తీశారు. ఆదిలాబాద్ రైతులు, నక్సలైట్ ఉద్యమంలో భూస్వామిని చంపిన కేసులో 1972లో శిక్ష పడ్డవాళ్ళు. వాళ్ళని చంపొద్దని దేశంలోనే కాదు, బయటి దేశాల నుంచి కూడా విజ్ఞప్తులొచ్చాయి. ఆ ఏడాది మే నెలలో ఒకసారి ఆఖరి గడియలో ఉరి ఆగింది. అంటే వాళ్ళూ మూడేళ్ళు ఎదురుచూశారు, ఒకసారి దగ్గరిదాకా వెళ్ళి వెనక్కొచ్చారు. చిన్నపరెడ్డిగారి గీత అప్పటికే ఉండుంటే, వాళ్ళిద్దరూ దానికి ఇవతల ఉండేవాళ్ళు.

"సెన్సారు కదా, గుసగుసలే" అన్నారు నాన్న. "మా రూమ్మేట్ ఒకడు రాత్రంతా నిద్రపోలే. నాకప్పుడు సమజ్ కాలే, మనకి తెల్వనోళ్ళ కోసం వీడికెందుకింత బాధ అని."

"మరి బయటి దేశాల వాళ్ళు అప్పుడు అడిగితే తప్పా నాన్నా?" అన్నాను.

"అప్పుడు తప్పనిపించలే" అన్నారు. కాస్త ఆగి, "అయినా మాల్యా గాడికీ వాళ్ళకీ పోలికేందిరా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు, అలాగే ఉండనిచ్చాను.

ముషీరాబాద్ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలోకే 2003లో గాంధీ హాస్పిటల్ మారింది. మా పెద్దత్తకి అక్కడే బీపీ చెకప్పులు. ఈసారి తోడు వెళ్ళినప్పుడు పాత గోడ ఆనవాళ్ళేమైనా ఉన్నాయేమో చూసి ఫోటో పంపమన్నాను.

"గోడేందిరా, పొద్దుగాల ఆరింటికి పోకుంటే ఓపీ చీటీ దొరకది అక్కడ" అన్నారు నాన్న.